ఎవరి చేలో వాళ్లకే రెండు రకాల సాళ్లు: మలావి పల్లెలో ఒక వేరుశనగ కేసు

చావింటి ముందు ఆడవాళ్లు వరసగా బేసిన్లు దించుతున్నారు. తలా ఇంత మొక్కజొన్న పిండి. అక్కడే పెద్ద పెద్ద కుండల్లో న్సిమా, అంటే మన సంకటి లాంటిది, వండి ఊరందరికీ పెడతారు. ఒక్కో బేసిన్ ఖాళీ అయి తిరిగొస్తోంది. ఒకటి మాత్రం వేపచెట్టు కింద నిండుగా అలాగే ఉండిపోయింది. సాయంత్రం ఆ బేసిన్‌ను నెత్తిన పెట్టుకుని వెనక్కి వెళ్లినామె మా ప్రాజెక్టుకు ఆదర్శ రైతు. పిండి మిగిలిపోయిందేమో అనుకున్నాను. ఆ ఊళ్లో ఏం జరుగుతోందో నాకు అర్థం కావడానికి ఇంకా మూడు వారాలు పట్టింది.

ఈ కేసులో ఊరి పేరు, జిల్లా, ఏడాది, మనుషుల పేర్లు చెప్పడం లేదు. కుటుంబాల వివరాలు కొన్ని మార్చాను. పంట వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఆమెను ‘అమాయి’ అంటాను. చిచేవా భాషలో తల్లి అని అర్థం, గౌరవంగా పిలిచే మాట. మొదటి నెలంతా నాకది ‘అమ్మాయి’ అనే వినిపించేది.

నేపథ్యం

మాది అనంతపురం వైపు మెట్ట పల్లె. శెనక్కాయ చేలల్లోనే పెరిగాను. ఉద్యోగం మొదలుపెట్టింది పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెల్లో. అక్కడున్న మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ఆఫ్రికా దేశం మలావిలో, లిలాంగ్వే దగ్గర చిటెడ్జెలో కూడా కేంద్రం ఉందని తెలిశాక పొరుగూరికి బయలుదేరినంత ధీమాగా వెళ్లాను. నేను చేరింది ఇక్రిశాట్‌లో కాదు, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో. వేరుశనగ దిగుబడి పెంచడం, గింజకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరకుండా చూడడం మా పని.

మధ్య మలావి పీఠభూమి చేవా జనం ఉండే ప్రాంతం. నవంబరు చివర మొదలై ఏప్రిల్‌లో ఆగిపోయే వాన ఒక్కటే ఆధారం. తిండి మొక్కజొన్న. వేరుశనగ ఆడవాళ్ల పంట. దాని పొడి, న్సింజీరో, వెయ్యకుండా ఆకుకూర వండితే అక్కడ కూర కిందే లెక్క కాదు. జనవరి, ఫిబ్రవరి కల్లా గాదెలు ఖాళీ అవుతాయి. గింజలు అయిపోయినవాళ్లు ఉన్నవాళ్ల చేలల్లో పిండికో డబ్బుకో రోజుపనికి పోతారు. దాన్ని గాన్యు అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి, కేసంతా దీనిమీదే తిరుగుతుంది.

ఇంకో సంగతి. చేవాల్లో వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. పెళ్లయ్యాక మామూలుగా మగవాడే భార్య ఊరికి వచ్చి ఉంటాడు. పొలం ఆమె తరఫుది. అక్కచెల్లెళ్లు, వాళ్ల పిల్లలు కలిసిన గుంపును మ్బుంబా అంటారు. దానికి పెద్దదిక్కు వాళ్ల అన్నో మేనమామో. మనకు మేనమామ అంటే పెళ్లిలో బుట్ట మోసేవాడు, బియ్యం పోసేవాడు. అక్కడ మేనమామ మాటే ఇంటికి తీర్పు. ఇది నేను చదువుకునే వెళ్లాను. చదివింది అవసరమైన రోజున గుర్తుకు రాలేదు.

మేం ఇచ్చిన పద్ధతిలో కొత్త ఏమీ లేదు. సీజీ 7 అనే ఎర్రగింజ రకం విత్తనం. 90 సెంటీమీటర్ల ఎడంతో బోదెలు తోలి ఒక్క సాలు వేసే అలవాటు బదులు 75 సెంటీమీటర్లకో బోదె, దానిమీద రెండు సాళ్లు. మొదటి మంచి వానకే విత్తడం. పీకిన మొక్కల్ని నేలమీద పరచకుండా గుండ్రంగా వామి వెయ్యడం, కాయలు లోపలి వైపు తిప్పి, నడుమ గాలి ఆడే పొగగొట్టంలాంటి ఖాళీ వదలడం. ఈ వామిని అక్కడ మండేలా కాక్ అంటారు. కాయ నీడలో ఆరుతుంది కాబట్టి బూజు తక్కువ.

ఇవన్నీ చేసి చూపించడానికి ఊరికొకరిని ఎంచుకోవాలి. అమాయి నలభై దాటిన మనిషి. చదవడం, రాయడం వచ్చు. పొలం రోడ్డు పక్కనే ఉంది. రోడ్డు పక్కన ఉండాలన్నది మా ఎంపిక నియమాల్లో ఒకటి. ఊరందరి కంట్లో పడే చేను కావాలని మేమే కోరుకున్నాం.

సమస్య

ఆ ఏడు అమాయి చేను నల్లపచ్చగా బోదెలు కనిపించకుండా కమ్ముకుంది. అడుగు గట్టు దాటితే పక్కావిడ చేలో మొక్కలు గిడసబారి, ఆకులు చిన్నవై, పసుపు మచ్చలతో గుత్తుల్లా ముడుచుకుపోయాయి. పీకితే నాలుగైదు ఊడలు, కాయల్లేవు. గట్టు మీద నిలబడితే ఎవరో గీత గీసి రంగు వేసినట్టుండేది.

అది రోజెట్ తెగులు. ఆఫ్రికాలో సహారాకు దిగువన, చుట్టుపక్కల దీవుల్లో తప్ప వేరుశనగకు ఇంకెక్కడా లేదు. అనంతపురంలో పెరిగిన నేను దాన్ని మొదట చూసింది అక్కడే. 2000లో మా జిల్లా పంటను తుడిచిపెట్టిన కాండంకుళ్లు వైరస్‌ను తామర పురుగులు, వయ్యారిభామ పుప్పొడి కలిసి మోశాయి. దీన్ని మోసేది పేనుబంక. పేనుబంకకు ఎడంగా ఉన్న మొక్కలు, వాటి మధ్య కనిపించే ఒట్టి మన్ను ఉన్న చేలంటే ఇష్టం. ఆకు ఆకు కలిసిపోయిన చేను మీద తక్కువ వాలుతుంది. ముందు విత్తిన పంట, పేనుబంక పెరిగే నాటికి లేత దశ దాటిపోతుంది. సీజీ 7కి ఈ తెగులును తట్టుకునే గుణం లేదు. అమాయి చేను బతికింది విత్తనం వల్ల కాదు, ఒత్తుగా, ముందుగా విత్తడం వల్ల.

ఊరు చెప్పుకున్న కారణం వేరు. పక్కవాళ్ల చేలో సారాన్ని తన చేలోకి లాక్కునే మందు ఉంటుందని అక్కడ గట్టి నమ్మకం. అలాంటి పని చేసేవాళ్లను మ్ఫితి అంటారు. మన మాటల్లో మంత్రగత్తె, చేతబడి చేసే మనిషి. రాత్రిళ్లు చేటలో కూర్చుని ఎగిరిపోతారంటారు. అవును, మన ఇళ్లల్లో బియ్యం చెరిగే చేటే, వాళ్లు లిచెరో అంటారు. మ్ఫితికీ చావుకీ సంబంధం ఉందంటారు కాబట్టి అనుమానం ఉన్న మనిషి పిండి చావింట్లో ఎవరూ ముట్టలేదు.

అనుమానానికి మేం కూడా మేత వేశాం. కాయలు లోపలికి తిప్పిన ఆ వామి మధ్యలో బోలుగా ఉంటుంది, పంట ఎంతో పైకి తెలియదు. ‘లోపల ఏం పెట్టింది’ అన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది. పైగా మేం స్ప్రింగ్ త్రాసు తెచ్చి ఆమె పంటనే తూచాం, ఫొటోలు తీశాం, చప్పట్లు కొట్టించాం.

మన దగ్గర పచ్చగా ఉన్న చేనుకు దిష్టి తగులుతుందని గుమ్మడికాయో దిష్టిబొమ్మో కడతాం. పచ్చగా ఉన్నవాడిమీద జాలి, భయం. ఇక్కడ పచ్చగా ఉండడమే నేరానికి సాక్ష్యమైంది. చేవాల్లో అసూయతో కీడు చేస్తారన్న భయం లేదని కాదు, రెండూ ఉన్నాయి. ఆ ఏడు మాత్రం వేలు పంట పండినామె వైపు తిరిగింది. అమాయి పిన్నికి డెబ్బై దాటాయి, ఒంటరిగా ఉండేది. మందు ఇచ్చింది ఆవిడేనని చెప్పుకోవడం మొదలయ్యాక నాకు నిద్ర పట్టలేదు. మెదక్ పల్లెల్లో బాణామతి అన్న మాట ఒక ముసలిదాని మీద పడితే ఏమవుతుందో అప్పటికే తెలిసినవాణ్ని.

ఏం చేశాం, ఏవి బెడిసికొట్టాయి

మొదట అమాయి భర్తతో మాట్లాడాను. ఇంటి మగవాడు కదా అన్నది నా లెక్క. ఆయన తలూపుతూ విన్నాడు, ఒక్క మాటా అనలేదు. భార్య ఊళ్లో ఆయన వచ్చి చేరిన అల్లుడు, ఈ విషయంలో ఆయనకు గొంతు లేదు. నేను ఆయన దగ్గరకు వెళ్లిన సంగతి అమాయి అన్నకు చేరింది. ‘మా ఆడపిల్ల సంగతి మాకు చెప్పకుండా అల్లుడితో తేల్చుకుంటున్నారా’ అని ఆయన మా కార్యకర్తను నిలదీశాడు. అలా ఆమెకు ఉన్న ఒకే ఒక్క అండను నేనే అలగనిచ్చాను.

తర్వాత ఊరి బయలులో సమావేశం పెట్టాను. భూతద్దం తెచ్చి పేనుబంకను చూపించాను. అందరూ చూశారు, నవ్వారు, పిల్లలు ఎగబడ్డారు. నేను గెలిచాననుకున్నాను. చివర్లో ఒక ముసలాయన లేచి, ‘పురుగు ఉందని ఒప్పుకుంటున్నాం. మీరు చెప్పే తెగులు పురుగు కడుపులో ఉందంటున్నారు, అది కంటికి కనిపించదంటున్నారు. సరే. గట్టుకు ఈ పక్కన ఆగి, ఆ పక్కకు పొమ్మని దానికి ఎవరు చెప్పారు?’ అని అడిగాడు. ఒట్టి మన్ను, ఒత్తు సాళ్లు అని నా జవాబు నేను చెప్పాను. జవాబు సరైనదే. కానీ అది అమాయికి విత్తనం, ఎరువు, త్రాసు తెచ్చిన మనిషి నోటి నుంచి వచ్చింది. కేసులో ఒక పక్షం లాయరు మాటలా ఉండింది. ‘ఎలా’ అన్నదానికి నా దగ్గర జవాబు ఉంది, వాళ్లు అడిగింది ‘ఆమెనే ఎందుకు’ అని. ఆ తేడా ఆ రోజు గమనించలేదు.

మూడోది చట్టం. బ్రిటిష్ వాళ్లు ఆ దేశాన్ని నయాసాలాండ్ అన్న రోజుల్లో, 1911లో తెచ్చిన మంత్రవిద్య చట్టం ఒకటి ఉంది. ఒకరిని మంత్రగత్తె అనడం దాని ప్రకారం నేరం. నాతో పనిచేసే ఒకాయన దాన్ని ఊరి పెద్ద ముందు ప్రస్తావించాడు, నేను ఆపలేదు. పిన్నికి ప్రాణహాని ఉందనిపించినప్పుడు పోలీసులు దగ్గర్లో ఉన్నారని గుర్తు చెయ్యడం తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటాను. అయితే ఊరు దాన్ని ‘సర్కారు చట్టం మంత్రగత్తెల పక్షం’ అని విన్నది. అప్పటిదాకా మాకు కుర్చీ వేసిన పెద్ద ఆ రోజు నుంచి పొలంలో ఉన్నాడని కబురు పెట్టించేవాడు.

నాలుగోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ప్రదర్శన చేనును ఇంకో రైతుకు మారుద్దామనుకున్నాం. ఒక్కరూ ముందుకు రాలేదు. ఎందుకొస్తారు?

మలుపు

మా మలావి సహోద్యోగి, ఆమె కూడా చేవాయే, నన్ను కూర్చోబెట్టి చెప్పింది: ముందు ఊరి పెద్దకు కోడి, ఆ తర్వాత అన్నకు క్షమాపణ, మాట్లాడేది చివర. అక్కడ తప్పుకు జరిమానా కోళ్లలో కట్టడం మామూలే. కోడిని పట్టుకుని వెళ్లాను. అన్న ముందు చాప మీద కూర్చుని, భర్తను అడగడం నా తప్పని ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు విత్తనం ఊసే ఎత్తలేదు. గాన్యు గురించి అడిగాడు.

‘ఆ పక్క చేనామె తన చేను ఎప్పుడు విత్తిందో తెలుసా?’

తెలుసు, నా పుస్తకంలో ఉంది. అమాయి విత్తిన మూడు వారాలకు.

‘ఆ మూడు వారాలు ఆమె ఎక్కడుంది?’

అది నా పుస్తకంలో లేదు. అమాయి చేలో ఉంది. 75 సెంటీమీటర్ల బోదెలంటే ఎక్కువ బోదెలు, ఎక్కువ చాకిరీ. అందుకని ప్రదర్శన చేనుకు కూలి ఖర్చు కింద మేం అమాయికి కొంత డబ్బు ఇచ్చాం. ఆ డబ్బుతో ఆమె తెచ్చుకుంది ఆకలితో ఉన్న ఇరుగుపొరుగునే. మొదటి వాన పడిన వారాల్లో వాళ్లు అమాయి బోదెలు తోలి, అమాయి విత్తనం వేసి, ఆ తర్వాత అలసిపోయి తమ చేలకు వెళ్లారు. ఆలస్యంగా విత్తారు, పలచగా విత్తారు. పేనుబంక అక్కడ వాలింది.

‘వాళ్ల సత్తువ నా చెల్లెలి చేలోకి వెళ్లిందన్న మాట అబద్ధమంటారా?’ అన్నాడు.

మందు అన్నది తప్పు. లెక్క మాత్రం తప్పు కాదు. ఇన్నాళ్లూ నేను మందు లేదని రుజువు చెయ్యడానికి తిరుగుతున్నాను, లెక్క చూడలేదు. వాళ్ల చేతుల్లోంచి ఆమె చేలోకి సారం తరలిన దారిని వేసింది మా కూలి ఖర్చు పద్దే.

ఏం పనిచేసింది

అన్న షరతులు రెండు. విత్తనం ఒక్కరికి కాకుండా మ్బుంబా మొత్తానికి, అతని చేతుల మీదుగా రావాలి. విత్తే వారాల్లో ఎవరూ ఎవరి చేలోనూ గాన్యుకు పోకూడదు. రెండోది పాటించాలంటే ఆ వారాలకు తిండి కావాలి. ఆదర్శ రైతుకని పెట్టుకున్న కూలి డబ్బును పిండి అప్పుగా మార్చాం. విత్తనం కూడా అప్పే, ఒక సంచి తీసుకుంటే పంటకు రెండు తిరిగి కట్టాలి. ఈసారి సీజీ 7తో పాటు రోజెట్‌ను తట్టుకునే న్సింజీరో రకం తెప్పించాం. అవును, కూరలో వేసే పొడి పేరే దానికి పెట్టారు. ఆ పేరు విని ఆడవాళ్లు నవ్వుకోవడం నాకు భూతద్దం కంటే ఎక్కువ పనికొచ్చింది.

నేను జోడించింది ఒక్కటే. ఎవరి చేలో వాళ్లు సగం తమ పాత పద్ధతిలో ఒక్క సాలు, సగం రెండు సాళ్లు వెయ్యాలి. ఒకే రోజు, ఒకే విత్తనం, ఒకే మనిషి చెయ్యి. తేడా వస్తే అది ఇద్దరు మనుషుల మధ్య గట్టు మీద కాకుండా, ఒకే మనిషి చేలో నడుమ కనిపించాలి. తన సారాన్ని తనే దొంగిలించుకునేవాళ్లు ఉండరు కదా. ఇది నా తెలివి అనుకుని మురిశాను. తర్వాత తెలిసింది, రైతు తన చేలోనే రెండు మూడు పద్ధతులు పోల్చి చూసుకునే ‘తల్లీపిల్లల’ ప్రయోగాలు 1990ల్లో పుట్టింది మలావిలోనే.

ఇక్కడ ఒక నిర్ణయం నన్ను బాగా నలిపింది. విత్తే ముందు విత్తనాల మీద సింగాంగా, అంటే వాళ్ల నాటువైద్యుడు, మందునీళ్లు చల్లాలన్నాడు అన్న. మా సంస్థలో ఒకరు, మూఢనమ్మకానికి ప్రాజెక్టు విత్తనం ఇస్తామా అన్నారు. మా ఊళ్లో గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టకుండా నాన్న ఏ ఏడూ విత్తలేదు. దాన్ని నేనెన్నడూ అడ్డుకోలేదు, ఇక్కడ అడ్డుకోవడానికి నాకున్న అర్హత ఏమిటి? కానీ టెంకాయకూ దీనికీ ఒక తేడా ఉంది. సింగాంగా నోరు తెరిస్తే ఒక పేరు రావచ్చు. ఆ పేరు పిన్నిదైతే ముగింపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకని చల్లడానికి ఒప్పుకున్నాను, ఎవరి పేరూ పలకకూడదని ఊరి పెద్ద చేత ముందే చెప్పించాను. విత్తనాలు తడిసి చెడకుండా ఆ ఉదయమే విత్తెయ్యాలన్నది నా రెండో షరతు. వైద్యుడు రెండిటికీ ఒప్పుకున్నాడు. అందరి విత్తనానికీ ఒకే మందు పడింది కాబట్టి ఎవరి దగ్గరా ఇంకొకరి దగ్గర లేని మందు లేదన్నమాట. ఆ తర్కం నాకు అప్పుడు తట్టలేదు, మా సహోద్యోగి చెప్పింది.

వామి పద్ధతి వదల్లేదు, బూజు భయం నిజం. కాకపోతే వాములన్నీ బయలులో ఒకే చోట వేశారు, విప్పిన రోజున అందరి ముందే విప్పారు. త్రాసు నా చేతిలోంచి తీసుకుని ఆడవాళ్లే తూచుకున్నారు.

పంట అందరికీ సమానంగా రాలేదు. చౌడు నేల ఉన్నవాళ్లకు రెండు సాళ్లూ ఒక సాలూ ఒక్కలాగే పండాయి. ఇద్దరు పిండి అప్పు తినేసి మళ్లీ గాన్యుకు పోయారు. వాళ్ల చేలల్లో ఒక్క సాలు వేసిన వైపు రోజెట్ వచ్చింది, రెండు సాళ్ల వైపు తక్కువ వచ్చింది. ఆ రెండు చేల చుట్టూనే ఎక్కువ మంది గుమిగూడారు. మొదటి ఏడు సమావేశంలో ప్రశ్న అడిగిన ముసలాయన నడిమి గీత మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. ఏమీ అనలేదు.

గమనించినవి

ఆదర్శ రైతును ఎంచుకోవడం మన దగ్గర కూడా అలవాటే. ఎంపికైన మనిషి మీద పడే బరువు లెక్కలో రాసే గడి ఏ ఫారంలోనూ లేదు. అది పొగడ్త అనుకుని ఇస్తాం. అందరి కష్టం ఒకేలా ఉండే ఊళ్లో అది బోనెక్కించడం కావచ్చు. ఇప్పుడు నేను ఏ ఊరికి వెళ్లినా మొదట అడిగేది కూలి క్యాలెండరు. ఏ వారం ఎవరు ఎవరి చేలో ఉంటారు, ఎందుకుంటారు. రెండోది, ఈ ఇంటి గురించి తీర్పు చెప్పేది ఎవరు. మనకు మగవాడు కనిపించగానే ఇంటిపెద్ద కనిపించినట్టే అనిపిస్తుంది.

నమ్మకాన్ని ఖండించాలా, గౌరవించాలా అన్న వాదన ఈ కేసులో నాకు పెద్దగా పనికిరాలేదు. నిందలో రెండు భాగాలున్నాయి, ఒక మనిషి పేరు, ఒక ఫిర్యాదు. పేరును ఆపాలి, దానికోసం పోలీసు అయినా సరే. ఫిర్యాదును మాత్రం వినాలి. నేను రెండిటినీ కలిపి తోసేసినన్ని రోజులూ పేరే గట్టిపడింది.

ఇందులో గెలుపు అనలేని భాగం కూడా ఉంది. పిన్ని ఆ గొడవల్లోనే ఇంకో ఊళ్లో ఉన్న కూతురి దగ్గరకు వెళ్లిపోయింది, నేను ఉన్నన్నాళ్లూ తిరిగి రాలేదు. అమాయి అన్న రమ్మని కబురు పెట్టాడు, ఆవిడ రానంది. అమాయి మళ్లీ రోడ్డు పక్క చేలో వేరుశనగ వెయ్యలేదు. అక్కడ మొక్కజొన్న వేసి, శెనక్కాయ లోపలి చేలోకి మార్చుకుంది. ఎందుకని నేను అడగలేదు.

ఏడాది చివర మా ప్రధాన కార్యాలయం వార్షిక నివేదికకు విజయగాథ అడిగింది. ఒక రైతు, ఒక పేరు, నవ్వుతున్న ముఖం. నేను ఒక చేను నడిమి గీత ఫొటో పంపాను, ఒక పక్క ఒక్క సాలు, ఇంకో పక్క రెండు. మనిషి లేని ఫొటో వద్దని తిప్పి పంపారు. రెండోసారీ అదే పంపాను.